హరివంశ కృతిపతి ప్రోలయ వేమారెడ్డి

మనుష్యుడు గతించిన పిదప నతని పేరు నిలుపు సంతానములు ఏడని మన పెద్దలు లెక్కించిరి. కుమారుడు, నిధి, దేవాలయము, తటాకము, వనము, అగ్రహారము, కావ్యము అనునవి యా యేడు. వీనిలో కుమారుని వంశము ఒకనాటి కాగిపోవచ్చును, నిధి అన్యుల పాలగును, గుడి కూలును, చెరువు పూడును, వనము ఎండును, అగ్రహారము చేతులు మారును. కావ్యము మాత్రము చదువువా డొక్కడున్నను నిలుచునని పూర్వుల విశ్వాసము. ఈ విశ్వాసము ఎంతవరకు నిజమో, ఏ నియమమునకు లోబడి నిజమో తెలిసికొనుటకు ప్రోలయ వేమారెడ్డి చరిత్రముకంటె తగిన యుదాహరణము మనకు దొరకదు. ఆ మహారాజు ఒకే మహాకవివలన రెండు కావ్యములకు కృతిపతి యయ్యెను. అందొకటి నేటికిని మన చేతులలో నున్నది. రెండవది నశించినది. ఈ రెండింటి కథయు మన సంఘీయులు తెలిసికొనదగినది గనుక ఈ వార్షిక సంచికకు దీనిని వ్రాయ సాహసించితిని.

కృతి నిచ్చుట యనగా నేటివారు అచ్చు పుస్తకపు తొలి పుటలో పేరు వ్రాసి చేతికిచ్చుట వంటిది కాదు. కవి గ్రంథారంభమున ఇష్టదేవతలను స్తుతించి, పూర్వకవులను కొనియాడి, తన వంశమును జెప్పుకొని, పిదప కృతిపతి వంశమును తాతముత్తాతల మొదలుగా వర్ణించును. తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ముల పేర్లు, గెలిచిన యుద్ధములు, చేసిన దానములు అన్నియు నచట చేరును. అటుపైని షష్ఠ్యంతములు చెప్పి కథ నారంభించును. ప్రతి యాశ్వాసము మొదటను తుదను కృతిపతిని పేరుపెట్టి సంబోధించును. కథయంతయు నాతనికే చెప్పుచున్నట్లు నడచును. ఇందుచేత ఎన్ని తరముల లేఖకులు ఎన్నిమారులు ఎత్తి వ్రాసినను కృతిపతి నామమును తొలగించి గ్రంథమును మాత్రము నిలుపుట సాధ్యము గాదు. ఒక గృహస్థుని కుటుంబమంతయు గ్రంథమున కుటుంబ సభ్యులవలెనే కాపురముండును. పూర్వులు కృతిని కన్యతో పోల్చి, కవిని కన్యాదాతగాను, కృతిపతిని వరునిగాను భావించుట ఇందువలననే.

ఇక వేమారెడ్డి కాలము. క్రీస్తు శకము 1323వ సంవత్సరమున ఉలుగ్‌ఖాను సేనలు ఓరుగల్లును గైకొనెను. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదా తీరమున ప్రాణములు విడిచెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. పాలకుడు పోయిన తోడనే పాలనయు పోయెను. అగ్రహారములు లాగికొనబడెను, దేవాలయములలో పూజలు నిలిచెను, దున్నువాడు పంటకు నమ్మకము లేక పొలము విడిచెను. ఆ దినములలో ముసునూరి ప్రోలయ నాయకుడును, అటుపిమ్మట కాపయ నాయకుడును ముందు నిలిచి తెలుగు నాయకుల నేకము జేసిరి. కాపయ వెంట డెబ్బదియైదుగురు నాయకులు నిలిచిరని 1423 నాటి కలువచేరు శాసనమువలన తెలియుచున్నది. ఆ శాసనము వేయించినది రెడ్డి రాజకుమారి యగు అనితల్లి యనుట మనవారు గుర్తుంచుకొనదగిన విషయము. తురుష్కులు హరించిన అగ్రహారములను విప్రులకు తిరిగి యిచ్చిన కీర్తి వేమారెడ్డికి దక్కినది.

వేమారెడ్డి పంటకులమువాడు. తండ్రి ప్రోలయ, తల్లి అన్నెమాంబ. మాచారెడ్డి, వేమారెడ్డి, దొడ్డారెడ్డి, అన్నారెడ్డి, మల్లారెడ్డి అని అన్నదమ్ములైదుగురు. వేముడను పేరుగలవారు ఈ వంశమున పలువు రుండుటచేత చదువరులు పొరబడకుండుటకు తండ్రి పేరు ముందుంచి ఇతనిని ప్రోలయ వేముడందురు. ఇతని కుమారుడు అనవేముడు వేరు. మాచారెడ్డి మనుమడును శ్రీనాథుని పోషించినవాడును అగు పెదకోమటి వేముడు వేరు. రాజమహేంద్రవరమును పాలించిన కాటయ వేముడు వేరు. మన సభలలో ఒకరి కీర్తిని మరియొకరి కంటగట్టుట తరచుగా జరుగుచున్నది గనుక ఇంత చెప్పవలసి వచ్చినది.

ఇతడు సుమారు 1325 మొదలు 1353 వరకు అద్దంకి రాజధానిగా నేలెను. అద్దంకి అప్పటికే తెలుగు పద్యమునకు పాత నెలవు. తొమ్మిదవ శతాబ్దిలో పండరంగని శాసనమున తరువోజ పద్యము చెక్కబడినది అచ్చటిదే. ఆ యూరి సమీపమున ప్రవహించు గుండ్లకమ్మ మన నది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము కడ పుట్టి, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములను తడిపి, అద్దంకి సీమను దాటి సముద్రమున కలియును. సంస్కృత శాసనములు దీనినే బ్రహ్మకుండి యని పేర్కొన్నవి. ఆ నది మొదట మనవారి పొలములను, పిదప వేముని రాజధానీ సీమను తడిపినది. కావున ఈ చరిత్రము మనకు పొరుగింటి చరిత్రము గాదు.

తమ్ముడు మల్లారెడ్డి వేమునికి కుడిభుజము. సేనలను నడపినవాడు నతడే. తూర్పు తీరమున చీరాల సమీపమందలి మోటుపల్లి రేవును సాధించినవాడు నతడే. అది సామాన్యమైన రేవు గాదు. కాకతీయ గణపతిదేవుడు పదమూడవ శతాబ్దిలో సముద్ర వర్తకులకు అభయ శాసన మిచ్చినది అచ్చటనే. వేముని కుమారుడు అనపోతారెడ్డి 1358లో మరల వర్తకులకు అభయమిచ్చి సుంకములను తగ్గించినదియు అచ్చటనే. వరిమళ్ళును మెట్టపొలములును గల దేశమునకు సముద్రపు ద్వారము చేతికి వచ్చిన పిదప గాని రాజ్యమునకు ధనము చేకూరలేదు. ఆ ధనము ఎట్లు వ్యయమైనదో చూచిన రాజు స్వభావము తెలియును.

వేమునికి గల బిరుదములలో జగనొబ్బగండ యనునది శౌర్యమును, అప్రతిమ భూదాన పరశురాముడనునది దానమును, ధర్మప్రతిష్ఠాపన గురుడనునది పాలనమును దెలుపును. హేమాద్రి గ్రంథమున జెప్పిన దానములన్నియు చేసినవాడని శాసనములు కొనియాడుచున్నవి. మనకు మిక్కిలి చేరువైన ధర్మకార్యము మరియొకటి కలదు. శ్రీశైలమునకును అహోబలమునకును ఆయన సోపానములు కట్టించెను. శ్రీశైలమునకు తూర్పు ద్వారము త్రిపురాంతకము. మార్కాపురము, దోర్నాల మీదుగా నల్లమల యెక్కు యాత్రికులను తరతరములుగా చూచుచున్న మనకు ఆ కొండదారి కష్టము ఒకరు చెప్పవలసిన పని లేదు. బండి నడువని ఆ దినములలో ముదుసలియు, చంటిబిడ్డ తల్లియు మల్లికార్జునుని దర్శించుటకు పోవలెనన్నచో మెట్టు ఎంత యుపకారమో ఊహింపవచ్చును. ఒకటి శైవక్షేత్రము, మరియొకటి వైష్ణవ క్షేత్రము. రెండింటికిని ఒకే చేతితో మెట్లు కట్టించినవాని మనస్సు ఎట్టిదో వేరుగా వివరింప నక్కరలేదు.

ఇంకొక విశేషము. ఆ కాలమున రాజ్యము సంపాదించినవారు పలువురు సూర్యవంశమనియు చంద్రవంశమనియు వంశావళులు వ్రాయించుకొనిరి. రెడ్డిరాజుల శాసనములు అట్లు చేయక తాము చతుర్థవర్ణమువారమని తలయెత్తి చెప్పినవి. విష్ణుపాదమునుండి గంగ పుట్టినది. ఆ పాదమునుండియే మా వర్ణమును పుట్టినది. కావున గంగకు తోబుట్టువులమని శాసనకవులు వర్ణించిరి. దున్ని బ్రతికిన కులమున పుట్టుట దాచవలసిన సంగతి యని వారు తలంపలేదు.

ఇట్టి రాజునకు మహాకవి లభించిన విధము వినదగినది. ఎఱ్ఱాప్రగడ శ్రీవత్స గోత్రుడు, ఆపస్తంబ సూత్రుడు. తండ్రి సూరన, తల్లి పోతమ. గురువు శంకరస్వామి. పాకనాటివాడు, కందుకూరు సీమయందలి గుడ్లూరు ఆయన యూరు. అద్దంకి రాజ్యమున చదలవాడ ఆయనకు నివాసమైనది. శంభుదాసుడనియు ప్రబంధపరమేశ్వరుడనియు ఆయనకు బిరుదములు. ఈ కవిని తొలుత గుర్తించినవాడు వేముడు గాడు. మల్లారెడ్డి ఆయనను ప్రార్థించి, సత్కరించి, వెంట దోడ్కొనివచ్చి అన్నగారి కప్పగించెను. ఈ సంగతిని హరివంశావతారికలో వేముని నోటనే కవి చెప్పించియున్నాడు. రేవులను కోటలను గెలిచి అన్నకిచ్చిన తమ్ముడు, వానికంటె గొప్పదని యెంచి కవి నొకని తెచ్చి యిచ్చెను. తమ్ముడు చేసిన యుపకారమును అన్న నిండుసభలో చెప్పుటయు, ఆ మాటను కవి గ్రంథమున నిలుపుటయు గమనింపదగినవి. రాజ్యము కొరకు అన్నదమ్ములు కత్తులు దూసికొను కాలమున ఈ యైకమత్యము ఆ కుటుంబమునకు మూలబలమైనది. ఇందుచేత హరివంశము వేమున కంకితమైనదని చెప్పునప్పుడు మల్లారెడ్డిని కూడ తలచుట న్యాయము.

ఎఱ్ఱన మొదట వేముని కోరికపై రామాయణమును తెలుగున రచించి ఆయనకు కృతి యిచ్చెను. ఆ కావ్యమువలన రాజునకు తృప్తి కలిగినది గాని యాశ తీరలేదు. భారతకథయం దాయనకు మక్కువ. నన్నయ ఆరంభించి తిక్కన పదునైదు పర్వములు రచించిన ఆ మహాగ్రంథమునకు ఖిలమైన హరివంశము తెలుగున లేకుండెను. కౌరవ పాండవుల కథ ముగిసినను శ్రీకృష్ణుని జన్మము మొదలగు చరిత్రము సమగ్రముగ తెలియవలెనన్నచో హరివంశమే గతి. దానిని తెలుగు చేయుమని వేముడు ఎఱ్ఱన నర్థించెను. కవి పూర్వోత్తర భాగములుగా దానిని రచించి మరల నా రాజునకే కృతి యిచ్చెను. ఇచట రాజు కేవలము ధనమిచ్చి పేరు వ్రాయించుకొనినవాడు గాడు. తెలుగువారికి ఏ గ్రంథము కొరతగా నున్నదో ఆలోచించి, దానిని పూరింపగల కవి యెవ్వడో యెఱిగి, ఆ పనికి ఆతనిని నియోగించినవాడు. కృతిపతికి గల అసలు గౌరవము ఇచటనే యున్నది.

ఎఱ్ఱన కృతుల నెవ్వరెవ్వరికి ఇచ్చెనో చూచిన వేముని స్థానము మరింత స్పష్టమగును. అరణ్యపర్వమున నన్నయ విడిచిన భాగమును పూరించినప్పుడు ఎఱ్ఱన దానిని తన పోషకునకు గాని దైవమునకు గాని యీయలేదు. సుమారు మూడు వందల యేండ్లకు పూర్వము గతించిన రాజరాజనరేంద్రుని పేరనే, నన్నయ చెప్పినట్లే కథ నడపి ముగించెను. భారతమును కోరిన రాజునకే ఆ భాగము చెందవలెనని ఆయన న్యాయము. తాత ఎఱ్ఱపోతసూరి కలలో గనబడి ప్రేరేపింపగా రచించిన నృసింహపురాణమును అహోబల నృసింహస్వామి కర్పించెను. ఒక కృతి చనిపోయిన చక్రవర్తికి, ఒక కృతి దైవమునకు, రెండు కృతులు వేమునకు. ధనమునకు లొంగి పేరు వ్రాయు కవి యైనచో పరలోకగతుని పేర వ్రాయడు గదా. అట్టి కవి ఒకే నరునకు రెండుమారులు కృతి యిచ్చెననగా ఆ నరుని యోగ్యత కది శాసనముకంటె బలమైన సాక్ష్యము.

వేముని పిదప అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. అటుపై రాజ్యమునకు వచ్చిన అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున వీరశిరోమండపమును కట్టించెను. తండ్రి మెట్లు వేసిన కొండపైననే కుమారుడు మండపము నిలిపెను. కుమారగిరి పిమ్మట పెదకోమటి వేముని యాస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి యయ్యెను. వామన భట్టబాణుడు సంస్కృతమున వేమభూపాల చరిత్రమును రచించెను. 1424 నాటికి కొండవీటి రాజ్యము అంతరించెను. నూరేండ్లు నిండినవో లేదో గాని ఆ నూరేండ్లలో తెలుగున నిలిచినంత సాహిత్యము పెద్ద సామ్రాజ్యములకును తరచుగా దక్కలేదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములను ఒక్కటొక్కటిగా పరిశీలించి 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ద్వారా రెడ్డి రాజ్యముల చరిత్రమును ఆంగ్లమున వెలువరించిన పిదప ఈ వంశ చరిత్రమునకు స్థిరమైన పునాది యేర్పడినది.

ఇప్పుడు ఆరంభమున చెప్పిన సప్తసంతానముల మాట. వేముని వంశము రాజ్యమును గోలుపోయెను. అద్దంకి రాజధాని వైభవము పోయెను. ఇచ్చిన అగ్రహారములు తరువాతి ప్రభుత్వములలో చేతులు మారెను. హరివంశము నిలిచినది. దానిని విప్పిన ప్రతి చదువరికిని ప్రోలయయు, అన్నెమాంబయు, మల్లారెడ్డియు కనబడుదురు. కాని అదే కవి, అదే రాజు, అదే శ్రద్ధతో వెలసిన రామాయణము నేడు లేదు. లక్షణ గ్రంథములలో ఉదాహరణములుగా చిక్కిన కొన్ని పద్యములు తప్ప దాని రూపము మన మెఱుగము. కావ్యము శాశ్వతమను మాట ఒకదానియందు నిజమై మరియొకదానియందు ఏల తప్పెను? కవిత్వపు లోపము గాదు. హరివంశము వ్రాసిన చేయియే దానిని వ్రాసినది. రాజు అనాదరము గాదు. ఆయన దానిని మెచ్చియే రెండవ కృతి నడిగెను. భేదము ఒక్కటే. ఒక గ్రంథమును తరతరమునను ఎవరో ఒకరు ఎత్తి వ్రాసికొనిరి. రెండవదానిని ఒక తరమువారు వ్రాయక విడిచిరి.

తాటాకు మన యెండలకును వానలకును పురుగునకును ఓర్చి రెండు మూడు వందల యేండ్లకు మించి నిలుచుట అరుదు. ఆరు వందల యేండ్లనాటి కావ్యము మన కందవలెనన్నచో నడుమ మూడు నాలుగు మారులైన కొత్త ఆకులమీద దానిని వ్రాసియుండవలెను. ఆ వ్రాసినవారి పేర్లు మనకు తెలియవు. వారిలో గ్రామ కరణములుందురు, బడిపంతుళ్ళుందురు, గుడి యర్చకులుందురు, రామాయణ భారతములను రచ్చబండపై చదివించుకొను కాపు గృహస్థులుందురు. ఎఱ్ఱన యిచ్చిన కృతిని వేముడు పుచ్చుకొనెను. దానిని మనదాక చేర్చినవారు వీరు. మార్కాపురపు పలకలపై ఓనమాలు దిద్దిన పిల్లలు దేశమున లెక్కకు మించియున్నారు. పలకమీది వ్రాత తుడిచిన పోవును. ఆకుమీది వ్రాత తుడువకున్నను పోవును. మరల వ్రాసినగాని నిలువదు.

పందొమ్మిదవ శతాబ్దిలో సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి శిథిలములగుచున్న తెలుగు గ్రంథములను వెదకి వ్రాయించెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చేరి యెన్నియో గ్రంథముల ప్రాణము నిలిపినవి. పరదేశీయుడు చేసిన ఆ పనికి మనము కృతజ్ఞులమే. అయినను మన యిండ్ల అటకలమీదను, భోషాణములలోను ఉన్న ఆకుల కట్టలను వెదకుట మన పనియే గాని యన్యుల పని కాదు.

మన సీమలో పాత గృహములు పడగొట్టి కొత్తవి కట్టునప్పుడు దూలములకు వెల కట్టుదురు, ద్వారబంధములకు వెల కట్టుదురు. ఆకుల కట్టను మాత్రము అర్థము తెలియలేదని నదిలో విడుతురు. పుణ్యమనుకొని చేయు ఈ పని నిజమునకు ఒక తరము చేయు విస్మృతి. ఆ కట్టలో వైద్యము ఉండవచ్చును, జ్యోతిషము ఉండవచ్చును, గ్రామపు కైఫీయతు ఉండవచ్చును, వంశపు లెక్కలు ఉండవచ్చును. చదువవచ్చినవా డొకడు చూచువరకు దాని విలువ తెలియదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రములను భద్రపరచుచున్నారు. ప్రతిని చేజార్చుటకు ఇష్టపడని గృహస్థు ఛాయాచిత్రములైనను తీయించి పండితులకు చూపవచ్చును. అందులకు నేడు పట్టు వ్యయము పూర్వము ఒక గ్రంథమును ఎత్తి వ్రాయించుటకు పట్టిన వ్యయములో ఎన్నవ వంతో గదా.

మన సంఘము విద్యార్థి వసతులకును వేతనములకును విరాళములిచ్చు దాతలతో వర్ధిల్లుచున్నది. ఆ దాతలకు నా మనవి యొక్కటి. ఊరూరను ఇద్దరు యువకులను నియమించి, ఇంటింట నున్న వ్రాతప్రతుల పట్టికను సిద్ధము చేయింపుడు. వచ్చు మహాసభనాటికి ఆ పట్టిక ఇటువంటి సంచికలో అచ్చుపడినచో అది ప్రోలయ వేమునికి మనము చేయు నిజమైన తర్పణము. సోపానములు కట్టించుట మన శక్తికి మించినదేమో గాని, పెట్టె తెరచి చూచుట అందరకును సాధ్యమే. నశించిన రామాయణము ఏ యింటి యటకమీదనో లేదని నిశ్చయముగ చెప్పగలవా రెవ్వరును లేరు. వెదకి లేదనిపించుకొనుట వేరు. వెదకకయే పోగొట్టుకొనుట వేరు.